కొత్త కెర్నెల్ వేసినా పాతదే బూట్ అవుతుంటే ఎక్కడ చూడాలి

లినక్స్‌లో కొత్త కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ప్యాకేజీ ఎక్కింది, ఎర్రర్ ఏదీ రాలేదు, రీస్టార్ట్ కూడా చేశారు. తీరా టెర్మినల్‌లో నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చూపే ‘యునేమ్ -ఆర్’ కొడితే పాత నంబరే వస్తోంది. చాలామంది వెంటనే కెర్నెల్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అది దండగ పని. కెర్నెల్ డిస్క్ మీదకు చేరడం, బూట్ మెనూలోకి ఎక్కడం, ఆ మెనూలోంచి ఎంపిక కావడం వేర్వేరు పనులు. ఏది జరగలేదో వరసగా చూసుకోవాలి. ఇక్కడ చెప్పేది ఉబుంటు, డెబియన్‌ల గురించి. ఫెడోరా దారి వేరు, అది చివర్లో ఉంది.

ముందు ‘ఎల్ఎస్ /బూట్’ కొట్టండి. కొత్త నంబరుతో విఎమ్‌లినజ్, ఇనిట్‌ఆర్‌డి అనే రెండు ఫైళ్లూ ఉండాలి. మొదటిది కెర్నెల్. డిస్క్‌ను తెరవడానికి కావలసిన డ్రైవర్లు రెండోదాంట్లో ఉంటాయి. అది లేకపోతే మెనూలో పేరు కనిపించినా, ఎంచుకోగానే రూట్ డిస్క్ మౌంట్ కాలేదంటూ కెర్నెల్ పానిక్ (ముందుకు పోలేక కెర్నెల్ ఆగిపోవడం) వస్తుంది. అది తయారుకాకపోవడానికి ఎక్కువసార్లు కారణం బూట్ పార్టిషన్ నిండిపోవడమే. ‘డిఎఫ్ -హెచ్ /బూట్’తో ఖాళీ ఎంతుందో చూసి, పాత కెర్నెళ్లను తీసేసి, ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేయించండి:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్
సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సి -కె కొత్త_వెర్షన్

సొంతంగా కంపైల్ చేసిన కెర్నెల్ అయితే ఇనిట్‌ఆర్‌డి వందల ఎంబీలకు ఉబ్బిపోవచ్చు. మాడ్యూళ్లలో (డ్రైవర్ల లాంటి విడి భాగాల్లో) డీబగ్ సమాచారం మిగిలిపోవడమే దానికి కారణం. ‘మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్’ చేసేటప్పుడు ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 పెడితే తగ్గుతుంది.

బూట్ మెనూ చూపించి కెర్నెల్‌ను లేపే ప్రోగ్రామ్ పేరు గ్రబ్. ఫైళ్లు రెండూ ఉంటే, దాని మెనూను మళ్లీ రాయించడానికి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి. కొత్త నంబరున్న లైను అవుట్‌పుట్‌లో వచ్చిందంటే మెనూ రాయడం అయిపోయినట్టే.

అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. గ్రబ్ మీరు ఎప్పుడు ఎక్కించారన్నది చూడదు, వెర్షన్ నంబరు చూస్తుంది. 6.8 ఉన్న మెషీన్ మీద ఈరోజు 6.6 ఎక్కిస్తే, అది అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల కిందికి పోతుంది, డీఫాల్ట్‌గా 6.8 లేస్తుంది. పైగా ఉబుంటులో మెనూ మామూలుగా దాగి ఉంటుంది. యుఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త తరహా ఫర్మ్‌వేర్) మెషీన్లలో లోగో కనిపించగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి, పాత బయాస్ వాటిలో షిఫ్ట్ పట్టుకోవాలి. ఎస్కేప్ పదేపదే నొక్కితే మెనూకి బదులు గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. ప్రతిసారీ ఈ తంటా ఎందుకనుకుంటే, /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్లో టైమ్‌అవుట్ స్టైల్‌ను ‘మెనూ’గా, టైమ్‌అవుట్‌ను 5గా మార్చి, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడపండి.

కొత్తదాన్ని ఒక్కసారికే పరీక్షించాలంటే అదే ఫైల్లో గ్రబ్_డీఫాల్ట్=సేవ్‌డ్ పెట్టి, అప్‌డేట్-గ్రబ్ చేసి, ఇది కొట్టండి:

సుడో గ్రబ్-రీబూట్ "1>2"

లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 1 అంటే పైనుంచి రెండో వరస, మామూలుగా అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. లోపల 2 అంటే మూడోది. ప్రతి కెర్నెల్ కిందా రికవరీ ఎంట్రీ ఒకటి ఉంటుంది కాబట్టి, రెండో కెర్నెల్ నంబరు 1 కాదు, 2 అవుతుంది. కొటేషన్లు మర్చిపోకండి. లేకపోతే షెల్ 1>2ను తనకిచ్చిన ఆదేశంగా తీసుకుని అవుట్‌పుట్‌ను 2 అనే ఫైల్లోకి పంపేస్తుంది, గ్రబ్‌కు మాత్రం ఏదీ అందదు. కొత్తది మొరాయిస్తే రీస్టార్ట్ చేస్తే చాలు, పాతదే వస్తుంది. బాగుందనుకుంటే గ్రబ్-సెట్-డీఫాల్ట్‌తో ఖాయం చేయండి.

ఒకే డిస్క్ మీద రెండు లినక్స్‌లుంటే ఇంకో మెలిక ఉంది. బూట్‌లో కనిపించే మెనూ రెండోదానిది అయ్యుండొచ్చు, మీరు ఇక్కడ ఎన్నిసార్లు అప్‌డేట్-గ్రబ్ చేసినా అది మారదు. ‘ఈఎఫ్ఐబూట్‌ఎమ్‌జీఆర్’ కొడితే ప్రస్తుతం ఏ ఎంట్రీ నుంచి బూట్ అయిందో తెలుస్తుంది. అవతలి సిస్టమ్‌లోకి వెళ్లి అక్కడ మెనూ రాయించండి, లేదా బూట్ ఆర్డర్‌లో ఇటుదాన్ని ముందుకు తెండి. అవతలి గ్రబ్ 2.06 లేదా ఆ తర్వాతిదైతే పక్క సిస్టమ్‌లను వెతకడం డీఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని రాస్తేనే వెతుకుతుంది.

మెనూలో ఉంది, ఎంచుకోగానే ‘బ్యాడ్ షిమ్ సిగ్నేచర్’ అంటోందంటే నమ్మకమైన సంతకం లేనిదాన్ని లేవనివ్వని సెక్యూర్ బూట్ అడ్డుపడుతోంది. ఉబుంటు మెయిన్‌లైన్ కెర్నెళ్లకు సంతకం ఉండదు. సొంత కీతో సంతకం చేసుకోవాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపాలి.

ఫెడోరాలో ప్రతి కెర్నెల్‌కూ /బూట్/లోడర్/ఎంట్రీస్ కింద విడి ఫైల్ ఉంటుంది. డీఫాల్ట్ ఏదో చూడాలంటే ‘సుడో గ్రబ్బీ --డీఫాల్ట్-కెర్నెల్’, మార్చాలంటే ‘--సెట్-డీఫాల్ట్’ తర్వాత విఎమ్‌లినజ్ ఫైల్ పూర్తి దారి ఇవ్వండి.