1948 నాటి నల్లగొండ నేపథ్యంలో క్రైస్తవ ప్రేమనవల రాయడం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నేపథ్యంలో క్రైస్తవ ప్రేమనవల రాయదలచినవారు మొదట కాలాన్ని కుదించుకోవాలి. 1946 జూలైలో కడవెండిలో రైతు పోరాటకారుడు దొడ్డి కొమరయ్య మరణం మొదలుకొని 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ దాకా అంతా చెప్పబోతే ప్రేమికులు చరిత్ర చాటున మరుగున పడిపోతారు. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13, సోమవారం నాడు నిజాం ఏలుతున్న హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. అంటే 12వ తేదీ ఆదివార ఆరాధనకూ 19వ తేదీ ఆరాధనకూ నడుమ రాజ్యమే మారిపోయింది. ఆ వారాన్ని కథకు నడుమ నిలిపి, ముందు నిజాం పక్షాన నిలిచిన ప్రైవేటు సేన రజాకార్ల దాడుల నెలలను, తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన తొలి నెలలను చెబితే చాలు.

ఊరిని ఎంచుకునేటప్పుడు ఏ మిషన్ పరిధిలోదో చూడాలి. సూర్యాపేట, నల్లగొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు పనిచేశారు. ఇద్దరూ విశ్వసించినవారికి నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చేవారే కనుక పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చే సన్నివేశం అక్కడ పొసగదు. కథానాయకుడు సరిహద్దు దాటవలసి వస్తే మునగాల పరగణా ఉంది. నిజాం ప్రాంతం మధ్యలో ఉన్నా అది అప్పట్లో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందిన నేల. సంస్థానంలోని ఊళ్లలో మాత్రం చేతిలో డబ్బు నిజాం నాణెమైన హాలీ సిక్కా అయి ఉండాలి.

ప్రేమకు అడ్డంకిని ఆ సమాజంలోంచే తీయాలి. ఆ సంఘాల్లో అత్యధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. ప్రభువును నమ్ముకున్నంత మాత్రాన దేశ్‌ముఖ్ గడీలో వెట్టి తప్పలేదు, ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకున్నా రెండు కులాల మధ్య పెళ్లి సంబంధం తేలిక కాలేదు. మాదిగ ఉపదేశి (ఊళ్లో వాక్యం బోధించే సంఘ సేవకుడు) కొడుకు, మాల ఇంటి పిల్ల ఒకరినొకరు ఇష్టపడితే తుపాకుల కన్నా ముందు ఇరువైపుల పెద్దలే అడ్డు నిలుస్తారు. ఈ విషయాన్ని దాటవేసిన నవల ఎంత భక్తిగా రాసినా నాకు అబద్ధంగానే తోస్తుంది.

విశ్వాసం మాటల్లో కాక, నష్టం తెచ్చే పనిలో కనిపించాలి. ప్రార్థన చేయగానే సైనికులు వెనుదిరిగిపోయే కథ ఆనాడు నిజంగా ఏడ్చినవారికి అన్యాయం చేస్తుంది. లొంగుబాటు తర్వాత సంస్థానంలో ముస్లింలపై జరిగిన హత్యలను, దోపిడీలను భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ విచారణ బృందం నమోదు చేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో తీవ్రత ఎక్కువ కనుక నల్లగొండ కథలో ఆ స్థాయి ఊచకోతను చూపకూడదు. అయితే నిన్నటిదాకా రజాకార్లకు భయపడిన ఇల్లే ఈరోజు బెదిరిపోయిన ముస్లిం తల్లీబిడ్డలకు తలుపు తీయాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడా నిజమైనదే. "మీ శత్రువులను ప్రేమించుడి" అన్న వాక్యం ఆ తలుపు దగ్గర ఎవరూ పలకకుండానే పాఠకుడికి గుర్తుకురావాలి. అలాగే కథానాయకుడి అన్న కమ్యూనిస్టు గెరిల్లా దళంలో ఉన్నాడనుకోండి: సైనిక క్యాంపు అధికారి అతని ఆచూకీ అడిగినప్పుడు విశ్వాసి అబద్ధం చెప్పవచ్చునా? ఆ సంకటానికి తొందరపడి తీర్పు చెప్పకండి. అతను పడే వేదనను పూర్తిగా రాయండి.

సంభాషణల్లో పాస్టరును "అయ్యగారు" అనే పిలవాలి, "వందనాలు" అనే పలకరించాలి. వాక్యం చదివేటప్పుడు పరిశుద్ధ గ్రంథపు భాష, ఇంట్లో "యాడికి పోతున్నవ్ బిడ్డా?" అనే నల్లగొండ పలుకు, రెండూ ఒకే నోట వినిపించాలి. ప్రేమికులు కలుసుకోవడానికి కీర్తనల సాధన, సండే స్కూలు చాలు. ఏకాంతం దొరకని ఊళ్లో ఒక చూపే అధ్యాయమంత బరువు మోస్తుంది.

రాయడం మొదలుపెట్టే ముందు పాత సంఘాల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను అనుమతితో చూడండి. 1948 సెప్టెంబరు తర్వాతి వివాహాల తేదీలను, సాక్షులను, వధూవరుల ఊళ్లను రాసుకోండి. ఆపైన ఆ కుటుంబాల వృద్ధులను కలిసి, ఆ నెలల్లో ఎక్కడ తలదాచుకున్నారో, ఏం తిన్నారో, ఎవరు అన్నం పెట్టారో అడగండి. నవలలో మాత్రం వారి పేర్లు, ఇంటిపేర్లు తప్పక మార్చండి.