షాపు బ్యానర్‌కి బొమ్మ కావాలా? గూగుల్ ఇమేజెస్ జోలికి పోకండి

పోయినేడు మా పిండివంటల షాపుకి పది అడుగుల ఫ్లెక్సీ వేయించాం. నెట్‌లో దొరికిన జేపీజీ బొమ్మ ఇచ్చేశాను. ఫోన్‌లో ముచ్చటగా ఉన్న అరిసెల పళ్లెం ఫ్లెక్సీ మీద బూడిదరంగు మరకలా వచ్చింది. పైగా ఆ బొమ్మ ఎవరిదో కూడా తెలియదు.

ఈసారి వెక్టర్ బొమ్మే వాడాను, అంటే చుక్కలతో కాకుండా గీతల లెక్కలతో తయారయ్యే ఎస్‌వీజీ ఫైలు. ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. ఓపెన్‌క్లిప్‌ఆర్ట్ అనే సైట్‌లో బొమ్మలన్నీ సీసీ0 కింద ఉంటాయి, అంటే గీసినవాళ్లు హక్కులు వదిలేసుకున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. వ్యాపారానికి వాడుకోవచ్చు, పేరు కూడా వేయక్కర్లేదు. వికీమీడియా కామన్స్ సైట్‌లో మాత్రం ఒక్కో బొమ్మకి ఒక్కో లైసెన్సు, కింద రాసింది చదవాల్సిందే. సీసీ బై అనే లైసెన్సు ఉంటే గీసినవాళ్ల పేరు వేయాలి. వేరే సైట్లలో ఎన్‌సీ అనే అక్షరాలు కనిపిస్తే వదిలేయండి, అది వ్యాపారానికి పనికిరాదు. ఫ్రీపిక్ సైట్‌లో ఉచితంగా తీసుకుంటే వాళ్ల పేరు వేయాలి. మిఠాయి బ్యానర్ మీద అదేం బాగుంటుంది చెప్పండి!

రంగులు మార్చడానికి ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, పైసా ఖర్చు లేదు. అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర వాడాను, అదీ ఉచితమే. ఫ్లెక్సీ షాపుకి పంపేముందు ఇంక్‌స్కేప్‌లో అక్షరాల్ని ఎంచుకుని పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి, అక్షరాలు గీతల బొమ్మగా మారిపోతాయి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక ఒత్తులన్నీ విడిపోతాయి. ఒక కాపీ పీడీఎఫ్‌గా కూడా ఇవ్వండి. బొమ్మ దించుకున్న రోజే లైసెన్సు పేజీని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డర్లో పడేయండి.