వర్షాలకు ముందు పాత చర్చి మరమ్మతు

గోదావరి డెల్టా గ్రామాల్లో ఆంగ్లికన్ మిషనరీల కాలంలో సున్నపు గారతో కట్టిన చర్చిలు 1947 సెప్టెంబరు 27న, పలు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో భాగమయ్యాయి. వాటి మరమ్మతుకు కాలువలకు నీరు కట్టేసే వేసవే అనువైన కాలం, ఎందుకంటే అప్పుడే నేలలో చెమ్మ తగ్గి గోడలు కొంతైనా ఆరుతాయి.

ముందుగా పునాది చుట్టూ నడిచి చూడండి. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది కాబట్టి, చూరు నీరు గోడ పక్కన నిలవకుండా వరిచేల వైపు వాలు ఇచ్చి, పూడిన బోదెను తవ్వించాలి.

గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగి పూత రాలుతుంటే, మేస్త్రి ఎంత చెప్పినా సిమెంటు పూయించకండి. అది చెమ్మను బయటికి పోనివ్వక ఇటుకనే తినేస్తుంది. వదులైన గారను గీకి, మెత్తని కుంచెతో ఉప్పు దులిపి, నానబెట్టిన సున్నం, ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయాలి. జారిన పెంకులను తొలకరికి ముందే సర్దించాలి.