దివ్యాంగులకు ఇంటివద్ద సాయపడే కొత్త సహాయకులకు శిక్షణ ఇచ్చే విధానం

విశాఖపట్నంలో దివ్యాంగుల ఇళ్లకు వెళ్లి సాయపడే పనికి మా దగ్గరకు కొత్తగా వచ్చేవారిలో చాలామంది పదో తరగతో, ఇంటరో చదివి, సొంత పేటలోనే ఉద్యోగం దొరికితే చాలునని కోరుకునే యువతీయువకులు. అటువంటివారిని మొదటి రోజే కూర్చోబెట్టి చట్టాల పేర్లు చదివి వినిపించడం వల్ల ప్రయోజనం తక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందన్న సంగతి వారికి తెలియవలసిందే గాని, ఆ పేర్లన్నీ అప్పజెప్పగలిగినంత మాత్రాన మంచం మీదున్న మనిషిని నొప్పి కలగకుండా పక్కకు తిప్పడం చేతకాదు. మొదటి వారమంతా ఒకే పాఠం చెప్పాలని నా అభిప్రాయం: ముందు అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి, ఆ తరువాతే చెయ్యి వేయాలి.

వినడానికి తేలికగా ఉన్నా అన్నిటికన్నా ఆలస్యంగా వంటబట్టేది ఇదే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తప్పే స్థితి) ఉన్న వ్యక్తికి మాట పెదవి దాటడానికి సమయం పట్టవచ్చు. ఆలోగా కొత్త సహాయకురాలు మంచినీళ్లు కాబోలని గ్లాసు అందిస్తుంది, ఆయన అడగబోయింది ఫ్యాను సంగతి అయి ఉంటుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకొమ్మని చెప్పండి. దీన్ని నేర్పడానికి నేను వాడే పద్ధతి ఉప్మా పళ్లెం. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని చేతులు వెనక్కి పెట్టుకొమ్మని, రెండోవారిని ఏమీ అడగకుండా చెంచాతో తినిపించమని చెబుతాను. నాలుగు చెంచాలయ్యేసరికి తినేవారికి ఉక్కిరిబిక్కిరవుతుంది, ఐదోదానికి కోపం వస్తుంది. ఆ పది నిమిషాల్లో వైకల్యం ఎలా ఉంటుందో తెలిసిపోయిందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. తెలిసేది అడగకుండా అందే సాయం ఎంత బరువో అంతే.

పిలుపు విషయంలోనూ అంతే పట్టుదల అవసరం. మేధో వైకల్యం ఉన్న ముప్ఫై ఏళ్ల మనిషిని "బుజ్జీ, నోరు తెరు" అని పిలవనివ్వకండి. పేటలో ఆ వయసువారిని ఎలా పిలుస్తారో అలాగే, అన్నయ్య అనో, పిన్ని అనో, పేరు చివర గారు చేర్చో, "మీరు" అని సంబోధించాలి. ఆయన ఎదురుగానే ఉండగా "ఈయన టిఫిన్ తిన్నారా అమ్మా?" అని తల్లిని అడగడం కూడా తప్పే, ఆ ప్రశ్న ఆయననే అడగాలి.

రెండో వారం నుంచి చేతిపని మొదలుపెట్టవచ్చు. శిక్షకుల్లో కనీసం ఒకరు దివ్యాంగులై ఉండాలి, వారికి తక్కినవారితో సమానంగా పారితోషికం ఇవ్వాలి. వీల్‌చైర్‌లోకి మారేటప్పుడు ఎక్కడ పట్టుకుంటే భరోసాగా ఉంటుందో, ఎక్కడ పట్టుకుంటే భయమేస్తుందో వారు చెప్పినంత కచ్చితంగా ఫిజియోథెరపిస్టు కూడా చెప్పలేరు. కుర్చీని మంచానికి ఏటవాలుగా, మనిషికి బలమున్న వైపు పెట్టడం, బ్రేకులు వేయడం, పాదాల పలకలు పైకి మడవడం, నడుము వంచకుండా మోకాళ్లు వంచడం, ముగ్గురు లేపుతున్నా ఒకరే లెక్క చెప్పడం అన్న వరసను కనీసం ఇరవైసార్లు చేయించండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని గాని, ఆ వైపు చంకలో చెయ్యి వేసి గాని లాగితే భుజం కీలు జారవచ్చు. ఈ పనికి వచ్చిన కొత్తలో నేను అలాగే లాగబోతే, ఒక పెద్దాయన నోట మాట రాక, మంచి చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపారు.

పడక పుండ్ల విషయంలో తొందరపడి ముందుకు పోవద్దు. మంచం మీదున్నవారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉన్నవారు అరగంటకు మించకుండా బరువు అటూఇటూ మార్చుకునేలా చూడాలి. పిరుదులు, తుంటి, మడమలు రోజూ పరిశీలించాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు కాబట్టి, వేలితో తాకి వేడి, గట్టిదనం గమనించడం నేర్పాలి. ఎర్రబడిన చోట నూనె రాసి మర్దన చేయడం, గాలి రింగు మీద కూర్చోబెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాట్లు. రెండూ పుండును పెంచేవే. సముద్రపు గాలిలోని తేమకు, వేసవి చెమటకు దుప్పటి తడిసిపోయే ఊరు మనది గనుక, తడి బట్ట వెంటనే మార్చడం కూడా ఈ పాఠంలో భాగమే.

తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చుని, తల కొంచెం ముందుకు వంచి ఉండాలి. ఉగ్గుగిన్నె నాటి అలవాటుతో తల వెనక్కి వాల్చి గొంతులో పోయడం ఇంకా చూస్తున్నాం; ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవడానికి అదే దారి. ఒక ముద్ద మింగాకే మరొకటి పెట్టాలి, తిన్నాక అరగంట వరకు పడుకోబెట్టకూడదు. తాగిన ప్రతిసారీ దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరలాడుతున్నా డాక్టరుకు చెప్పాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దని చెబితే సరిపోదు, ఏం చేయాలో నటింపజేసి చూపాలి. చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, తల కింద మెత్తనిది పెట్టి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి, గడియారం చూస్తుండాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ట్యూబు ద్వారా ఆహారం, ఇంజెక్షన్లు, కెథెటర్ (మూత్రపు గొట్టం) మార్చడం వీరి పని కాదని ఇంటివారికి కూడా మొదటే చెప్పేయండి.

మూడో వారం నుంచి అనుభవజ్ఞుల వెంట ఇళ్లకు పంపండి. కంచరపాలెం, ఆరిలోవ వంటి చోట్ల కొండవాలున ఉన్న ఇళ్లకు మెట్లే దారి. కొత్తవారు ఇంటికి చేరేలోగా ఎన్ని మెట్లున్నాయో, పట్టుకోవడానికి పైపు ఉందో లేదో, ఆటో ఎంతవరకు వస్తుందో రాసుకోవాలి, ఎందుకంటే ఆ మనిషి నెలల తరబడి గడప దాటకపోవడానికి కారణం జబ్బు కన్నా ఆ మెట్లే కావచ్చు. మనిషి కూర్చుని ఉన్న వీల్‌చైర్‌ను మెట్ల మీద ఒక్కరే దించే సాహసం ఎన్నడూ చేయకూడదు. ఇంట్లో పద్నాలుగేళ్లుగా బిడ్డను చూసుకుంటున్న తల్లి ఉంటే, మొదటి రెండు రోజులు సహాయకురాలు ఆమె శిష్యురాలే. తల్లి చేసేది తప్పనిపించినా అక్కడికక్కడ దిద్దకుండా పర్యవేక్షకులకు చెప్పాలి.

ఒక ఇంటి సంగతి మరో ఇంట్లో ఎత్తకూడదు, అనుమతి లేకుండా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు, స్నానం చేయించే పనికి ఆడవారికి ఆడవారే వెళ్లాలి. కొట్టినట్టో, కట్టేసినట్టో గుర్తులు కనిపిస్తే అదే రోజు ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక నంబరు రాసి ఇవ్వండి.

కాగితాల పని గురించి ఒక పూట చాలు. వైకల్యం ఎంత శాతమో వైద్యులు నిర్ధారించి ఇచ్చే సదరం ధ్రువపత్రం, దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డయిన యూడీఐడీ దేనికో, చాలా పథకాలకు 40 శాతం వైకల్యం ఎందుకు కావాలో, దరఖాస్తుకు వార్డు సచివాలయంలో ఎవరిని కలవాలో తెలిస్తే సరి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఎవరికీ "నేను పింఛను ఇప్పిస్తాను" అని మాట ఇవ్వవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక గడిపింది. ప్రతి ఇంట్లో వారం రోజుల మందులు, ప్లాస్టిక్ కవరులో పత్రాల నకళ్లు, మనిషిని మోయగల ఇద్దరు పొరుగువారి పేర్లు సిద్ధంగా ఉన్నాయో లేదో తుఫాను కాలానికి ముందే చూడడం సహాయకుల పనిగా పెట్టండి.

రాత పరీక్ష అక్కరలేదు. ముందుకు చదవాలనుకునేవారికి భారత పునరావాస మండలి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి 2021లో ప్రారంభించిన ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు గురించి చెప్పవచ్చు. మీ దగ్గర మాత్రం మూడో నెల చివర, ఇంటివారి అనుమతితో వెళ్లి పని చూడండి. తరువాత సహాయకురాలిని బయట ఉండమని, సాయం పొందుతున్నవారినే అడగండి: "ఈ అమ్మాయి రావడం మొదలయ్యాక మీ అంతట మీరు చేసుకుంటున్న పని ఏదైనా కొత్తగా ఉందా?" పది లెక్కపెట్టేదాకా ఆగి, వచ్చిన జవాబును వారి మాటల్లోనే రిజిస్టరులో రాసుకోండి.