మల్చ్ (మట్టి మీద పరిచే ఎండుటాకుల్లాంటి కప్పు) వేసినా, కంపోస్ట్ కలిపినా మొక్కలు కోలుకోవడం లేదా?

ఆకులు పసుపెక్కుతున్నాయి, కింది ఆకులతో మొదలై

రంపపు పొట్టునో ఎండుగడ్డినో మట్టిలో కలిపేశారేమో గుర్తు తెచ్చుకోండి. రంపపు పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని నామమాత్రం. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు తక్కువైన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్కకు పస్తే. అదే పొట్టును పైన పరిస్తే ఈ లాగుడు మట్టి పైపొర దాటదు. ఇప్పటికే కలిపేసి ఉంటే బాగా మాగిన పశువుల ఎరువు వేసి, కొన్ని వారాలు ఆగండి. నన్నడిగితే సగం తిప్పలు ఇక్కడే: కంపోస్ట్ మట్టిలోకి వెళ్లాలి, మల్చ్ మట్టి మీదే ఉండాలి.

నేల పెచ్చు కట్టి, పోసిన నీళ్లు పక్కకు జారిపోతున్నాయి

చినుకుల దెబ్బకు మట్టిగడ్డలు చితికి, సన్నని రేణువులు రంధ్రాలను పూడ్చేస్తాయి. ముందు పెచ్చు గుల్ల చేసి, 2-3 సెంటీమీటర్ల మందాన కంపోస్ట్ వేసి పైమట్టిలో కలపండి. నేలను బాగా తడిపాకే ఎండుటాకులు 5-8 సెంటీమీటర్ల మందాన పరచండి. పొడి నేల మీద పరిస్తే చిన్నపాటి జల్లు ఆకుల దగ్గరే ఆగిపోతుంది. నాలుగు రోజులయ్యాక ఆకులు పక్కకు జరిపి వేలు గుచ్చి చూడండి. రెండో కణుపు దాకా చల్లగా, తడిగా తగిలితే నీళ్లు పోసే పని లేదు.

కాండం మొదలు మెత్తబడి కుళ్లుతోంది

మల్చ్ కాండానికి ఆనుకుని ఉంది. చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి.

కంపోస్ట్ వేశాక లేత మొక్కలు మాడాయి

అది ఇంకా పచ్చి ఎరువు. గుప్పెడు తడి కంపోస్ట్‌ను ప్లాస్టిక్ కవర్లో బిగించి, మూడు రోజుల తర్వాత విప్పండి. తొలకరి మట్టి వాసన వస్తే వాడుకోవచ్చు. ముక్కు మండించే అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువైనట్టు, కుప్పకు ఎండుటాకులు కలపండి. కుళ్లిన గుడ్ల కంపు వస్తే గాలి ఆడటం లేదు, కుప్పను తిరగేయండి. కుప్పలో కర్బనం, నత్రజని 25-30కి 1 పాళ్లలో ఉంటే కుళ్లడం చకచకా సాగుతుంది. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు.

మల్చ్ కింద తెల్లటి బూజు దారాలు

టెన్షన్ పడకండి, ఆకులను మట్టిగా మార్చే పని జరుగుతోందంతే. బూజు చాపలా అల్లుకుని నీళ్లు దిగనివ్వకపోతే మాత్రం చేత్తో ఒకసారి కదిపి వదిలేయండి.