తలుపు అద్దానికి సిలికాన్ కొనేముందు వాసన అడగండి

మా నాన్న కాలంలో తలుపు అద్దానికి పుట్టీ ఒక్కటే. చాక్ పొడిలో అవిసె నూనె పోసి, చపాతీ పిండిలా పిసికి, గాడిలో బొటనవేలితో ఒత్తుకుంటూ పోయేవాడు. పెయింట్ వేసే తలుపు, మామూలు అద్దం అయితే నేనిప్పటికీ అదే వాడతాను. కాకపోతే గాడికి ముందు ప్రైమర్ పట్టించాలి. లేదంటే కట్టె నూనెనంతా తాగేస్తుంది, పుట్టీ పెళుసై పగులుతుంది.

టేకు తలుపుకు పాలిష్ చేయిస్తే మాత్రం ట్యూబులో వచ్చి, ఆరాక రబ్బరులా మారే సిలికాన్ వైపే వెళ్లాలి. అక్కడే నేనొకసారి దెబ్బతిన్నాను. హన్మకొండలో ఒక ఇంటికి పడమటి వాకిలి తలుపు. షాపులో చవగ్గా దొరికిన ట్యూబు తెచ్చి కొట్టాను. పని చేస్తున్నంతసేపూ నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసన. వానాకాలం దాటేసరికి బీడింగ్‌కు, అంటే అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి కట్టె పట్టీకి, కొట్టిన ఇత్తడి మొలలకు చిలుము పట్టి, టేకు మీదికి దిగింది. "ఏందన్నా గీ పచ్చమరక?" అని ఆ ఇంటామె అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ పుల్లటి వాసన వచ్చే రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. మొలలను తింటుంది, లామినేటెడ్ అద్దమైతే రెండు పలకల మధ్య ఉండే ప్లాస్టిక్ పొరనూ అంచుల్లో పాడు చేస్తుంది. ట్యూబు మీద 'న్యూట్రల్' అని రాసి ఉన్నదే అడగండి. ధర ఎక్కువే, కానీ కట్టెకు బాగా పట్టుకుంటుంది. తయారీ తేదీ కూడా చూడండి. మన ఎండల్లో షాపు ముందు వేలాడిన పాత ట్యూబు సరిగ్గా గట్టిపడదు.

సిలికాన్ మీద పెయింట్ నిలవదు. అతుకు మీద కూడా రంగు వేయాలంటే 'ఎంఎస్ పాలిమర్' రకం అడగండి. పాలీయురేథేన్ కట్టెకు గట్టిగానే పట్టుకుంటుంది గానీ, అద్దంలోంచి పడే ఎండకు అద్దం వైపు పట్టు వదిలేస్తుంది. ఇంటి లోపల గోడ పగుళ్లకు వాడే యాక్రిలిక్ బయటి తలుపుకు వద్దే వద్దు.

నమ్మకం కుదరకపోతే అదే తలుపు కట్టె ముక్క మీద ఒక గీత కొట్టి వారం ఆగండి. తర్వాత కొస పట్టుకుని లాగండి. తొక్కలా మొత్తం ఊడి వస్తే ఆ ట్యూబు వద్దు. మధ్యలో తెగి, కొంత కట్టెకే అంటుకుని ఉంటే మంచిది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి.

పాలిష్ పూర్తిగా ఆరాకే సిలికాన్ ముట్టండి. ముందే కొడితే, సిలికాన్ అంటిన వేలు ఎక్కడ తగిలిందో అక్కడ పాలిష్ పట్టదు. గుండ్రంగా చిన్న చిన్న గుంటలు తేలతాయి, ఎంత గరుకు కాగితం రుద్దినా మళ్లీ వస్తాయి.

అద్దం కోయించేటప్పుడు గాడి కంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు తక్కువ ఇవ్వండి. టఫెన్డ్ అద్దాన్ని, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దాన్ని, తర్వాత అరగదీయలేం. చాలామంది బయట కనిపించే గీత మాత్రం కొట్టి వదిలేస్తారు. నీళ్లాపేది అద్దం వెనక పరిచే సిలికాన్. ముందు గాడిలో సిలికాన్ పరిచి, అద్దాన్ని దాని మీదికి అదిమి, ఆ తర్వాతే బీడింగ్ పెట్టాలి. కింది బీడింగ్ బయటికి వాలుగా రంద పట్టండి. లేకపోతే ముసురు వానకు నీళ్లక్కడే నిలిచి కట్టె నల్లబడుతుంది.

2 అడుగులకు 4 అడుగుల అద్దమైతే 280 మిల్లీలీటర్ల ట్యూబు రెండువైపులా వేసినా మిగులుతుంది. ట్యూబు మూతిలో పొడుగు స్క్రూ తిప్పి ఉంచండి. మళ్లీ కావాలన్నప్పుడు స్క్రూ లాగితే గడ్డకట్టిన ముక్క దాంతోపాటే బయటికొస్తుంది.