వానల్లో వెంటిలేటర్ పేషెంట్‌ను హెలికాప్టర్ ఎక్కించే ముందు

కొరాపుట్, రాయగడ వైపు ముసురు పట్టిందంటే కొండల మీదికి మబ్బు ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. విశాఖకు హెలికాప్టర్ ఖాయమైనా, సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగే అంబులెన్స్‌ను కూడా సిద్ధంగా ఉంచండి. వాతావరణం బాగోలేదని పైలట్ అంటే బతిమాలొద్దు.

చెయ్యాల్సిన పనంతా నేల మీదే అయిపోవాలి. పైకి వెళ్లాక ఆ చప్పుడులో స్టెతస్కోప్ పనికిరాదు, అలారం కూడా వినబడదు. కళ్లతో చూసేదే దిక్కు: ఛాతీ లేస్తోందా, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ ఎంత, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గీత సరిగా వస్తోందా. ఆ గీత చూపించే మానిటర్ లేకుండా పంపకండి.

అన్నిటికన్నా నాకు భయం ఛాతీలో, ఊపిరితిత్తి బయట చిక్కిన గాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ అది ఉబ్బుతుంది. సముద్రమట్టంతో పోలిస్తే 5,000 అడుగుల దగ్గర సుమారు ఐదో వంతు పెరుగుతుంది. యాక్సిడెంట్ కేసైతే ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో చూడందే కదిలించొద్దు. కొంచెమే ఉంది కదా అనుకోకుండా ఆ గాలిని బయటికి తీసే చెస్ట్ ట్యూబ్ ముందే వేయించండి. దారిలో దాన్ని క్లాంప్ చెయ్యకండి, బాటిల్ ఛాతీకన్నా కిందే ఉండాలి. శ్వాసగొట్టం చుట్టూ ఉండే గాలి బుడగ (కఫ్) కూడా ఇలాగే ఉబ్బుతుంది. దాని ఒత్తిడి 20–30 cmH2O (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) మధ్య ఉండేలా పైకి వెళ్లాక ఒకసారి, దిగాక ఒకసారి కొలవాలి. కడుపు ఉబ్బకుండా ముక్కు నుంచి కడుపులోకి గొట్టం వేసి తెరిచే ఉంచండి.

నేను పనిచేసిన చోట ఒకసారి స్ట్రెచర్ ఎత్తుతుంటే వేలాడుతున్న వెంటిలేటర్ గొట్టాలు (సర్క్యూట్) లాగేసి, పెదవి దగ్గర 22 సెంటీమీటర్ల గుర్తు దగ్గరున్న శ్వాసగొట్టం 19కి వచ్చేసింది. చెమటకి టేపు అప్పటికే ఊడి ఉంది. అందుకే ముఖం తుడిచి, టేపు కొత్తగా వేసి, తాడుతో కూడా కట్టండి. పేషెంట్‌ను ఎత్తేటప్పుడు ఒకరు శ్వాసగొట్టం తప్ప ఇంకేదీ పట్టుకోకూడదు.

ఆక్సిజన్ లెక్క కాగితం మీద వేయండి. నిమిషానికి 10 లీటర్ల చొప్పున గంటకు 600 లీటర్లు. దానికి రెట్టింపు పెట్టుకోండి. 10 లీటర్ల సిలిండర్ గేజి 150 బార్ చూపిస్తే 1,500 లీటర్లున్నట్టు, 50 చూపిస్తే 500 మాత్రమే. సిలిండర్ తిప్పే తాళంచెవి, మాస్కుతో సహా అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) తల దగ్గరే ఉండాలి.

రవాణా వెంటిలేటర్ మీద పేషెంట్‌ను 15–20 నిమిషాలు ముందే ఉంచి చూడండి. వార్డులోనే నిలకడగా లేకపోతే గాల్లో అసలు నిలవడు.

ఇంటివాళ్లు రోడ్డు మీద గంటల తరబడి వెనక వస్తారు. అవతల ఐసీయూ బెడ్ ఖాయమైందో లేదో, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుగులో రాసి వాళ్ల చేతికివ్వండి.